మైనస్ 196 డిగ్రీల పిచికారీ

నల్లగొండ, మహబూబ్‌నగర్ పాడి రైతులకు ద్రవ నత్రజని కొత్తేమీ కాదు. పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర మూత తియ్యగానే తెల్లగా పొగలు కక్కే క్యాను, అందులో వీర్యం నింపిన సన్నటి స్ట్రాలు చూసే ఉంటారు. చలి మైనస్ 196 డిగ్రీలు. అదే ద్రవాన్ని డాక్టర్లు మనుషుల అన్నవాహికలో క్యాన్సర్‌గా మారే అవకాశమున్న పొర మీద చల్లుతున్నారు. అమెరికాలో మార్క్ జాన్‌స్టన్ బృందం తొలి ఫలితాలను 2005లో ప్రచురించింది.

ఎండోస్కోపులోంచి కాథెటర్ అనే సన్నగొట్టం దింపి చల్లితే, క్షణాల్లో పొర మంచు కడుతుంది. కరగనిచ్చి మళ్లీ గడ్డకట్టిస్తారు. కణాలు చస్తాయి, వాటి కింది కొల్లాజెన్ అల్లిక చాలావరకు నిలుస్తుంది కాబట్టి పుండు బాగా మానుతుంది.

మామూలు ప్లాస్టిక్ గొట్టమైతే ఆ చలికి పెళుసై పుటుక్కుమంటుంది. అది సరే, అసలు తలనొప్పి వాయువుతో. లీటరు ద్రవం ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువు! దారి లేకపోతే పొట్ట ఉబ్బి చిల్లి పడొచ్చు. అందుకే పక్కన ఇంకో గొట్టం వేసి లాగేస్తారు. అయినా, నా దృష్టిలో ఇదే ముచ్చట, ఒకరు రోగి పొట్ట మీద చెయ్యేసి ఉబ్బుతోందేమోనని తడుముతూనే ఉంటారు.

ఏళ్ల తరబడి ఛాతీమంట ఉన్నవాళ్లలో అలాంటి పొర ఏర్పడొచ్చు. కాబట్టి వాళ్లు గోలీలతో సరిపెట్టుకోక ఒకసారి ఎండోస్కోపీ గురించి డాక్టరును అడగండి.