ఆతిథ్యమునకు మేర

అతిథిని దైవముగా భావింపవలెనని తైత్తిరీయోపనిషత్తు బోధించుచున్నది. నిత్యము నిలువక యొక్క రాత్రి యుండువాఁడే యతిథి యని మనుస్మృతి నిర్వచించుచున్నది. మొదటి మాటను ముప్పదేండ్లు శిష్యులకుఁ జెప్పితిని, రెండవదానిని మఱచితిని.

2018లో భార్యావియోగముచేఁ గుందుచున్న నా బాల్యమిత్రుని అమీరుపేటలోని మా రెండుగదుల యింటికిఁ దోడ్కొని వచ్చితిని. నా యిల్లాలి నొక్కమాటయైన నడుగలేదు. ప్రతిసాయంకాలము పంజగుట్టదాఁక వానితో నడచి, వాని దుఃఖము నాలకించి, యింటికి వచ్చి మౌనముగా భుజించెడివాఁడను. ఐదు మాసములు గడచినవి. ఒకనాఁ డామె, "ఆయన దుఃఖమును మీరు పంచుకొంటిరి, నా చాకిరి పంచుకొనువా రెవ్వరండీ?" అని కంటఁ దడి పెట్టుకొనెను.

ధర్మమందు నిన్ను మీఱనని పెండ్లినాఁడు చేసిన ప్రతిజ్ఞను ధర్మము పేరనే మీఱితినని నా కప్పుడు తెలిసినది. ఆమెను క్షమింపుమని వేఁడితిని. మిత్రునితో నున్నమాట చెప్పి, పంజగుట్టలో గది కుదిర్చితిని. వాఁడు నొచ్చుకొనలేదు. ఇప్పు డాదివారమున వానిని భోజనమునకుఁ బిలుచునది యామెయే.

పెద్దలారా! దుఃఖితునకుఁ దలుపు తెఱువుఁడు. తెఱచుటకు ముందు పొయ్యికడ నున్నవారి నడుగుఁడు.