పాల కేంద్రంలో దీపం ఎక్కడ పెట్టాలి?

(సంఘాల సభ్యులకు చేసిన ప్రసంగ పాఠం)



దీపాల గురించి చెప్పమన్నారు. నేను వెన్న శాతం దగ్గర మొదలుపెడతాను. తెల్లవారకముందే మీరు పాలు పోసి నిలబడతారు. టెస్టరు బ్యూటిరోమీటరు ఎత్తి చూస్తాడు. దాని మీది సన్న గీత ఒక్కొక్కటి శాతంలో పదోవంతు. దీపం అతని వీపు వెనుక ఉంటే అతని నీడే గొట్టం మీద పడుతుంది. ఒక్క గీత తేడా వస్తే పోయేది మీ డబ్బు. పోకపోయినా అనుమానం మిగులుతుంది. ఇప్పుడు చాలాచోట్ల పాలు పరీక్షించే యంత్రాలు వచ్చినవి గాని, తగువు వచ్చినప్పుడు మళ్ళీ ఆ గొట్టమే దిక్కు.

2015 జనవరిలో మొదలై, తరువాత ఉజాలా అని పేరు పొందిన పథకంతో ఎల్.ఇ.డి. బల్బులు పల్లెపల్లెకూ చేరినవి. పాతది తీసి కొత్తది అదే హోల్డరుకు తగిలించాము. కరెంటు తగ్గింది, నీడ మాత్రం అక్కడే ఉంది.

ఇక్కడ కంప్యూటరు పనికి వస్తుంది. గది పైకప్పుకు 12 చోట్ల దీపం పెట్టవచ్చనుకోండి. ఎక్కడ పెట్టాలి, ఎక్కడ వద్దు అన్నదానికే 4096 విధాలున్నవి. మనిషి నాలుగు చూసి విసిగిపోతాడు. కంప్యూటరు అన్నిటినీ లెక్కకట్టి, పరీక్ష బల్ల మీద మనం కోరిన వెలుతురు తగ్గకుండా, అతి తక్కువ వాట్లతో సరిపోయే అమరికను తీస్తుంది. వెలుతురును లక్సులలో కొలుస్తారు. చదవటానికి, రాయటానికి 300 నుండి 500 లక్సులు కావాలి. క్యాన్లు పెట్టే చోట 100 చాలు. చిన్న బల్బుకూ బల్లకూ మధ్య దూరం సగం చేస్తే, సరిగ్గా దాని కింద వెలుతురు నాలుగింతలవుతుంది. అందుకే లెక్క తరచుగా బల్ల మీదికి దించిన చిన్న దీపం దగ్గర ఆగుతుంది.

బిల్లు సంగతి చూడండి. పాత ట్యూబులైట్లు నాలుగు, చోకుతో కలిపి 200 వాట్లు. పూటకు రెండు గంటల చొప్పున నెలకు 24 యూనిట్లు. అదే గదికి 20 వాట్ల ఎల్.ఇ.డి. ట్యూబులు రెండు, బల్ల మీదికి 9 వాట్ల బల్బులు రెండు సరిపోతే నెలకు 7 యూనిట్లు.

ఒక హెచ్చరిక. మనం చెప్పకపోతే కంప్యూటరు గోడలు శుభ్రంగా, లేతరంగులో ఉన్నాయనే అనుకుంటుంది. మన గోడలు మీకు తెలుసు! మసిబారిన గోడ వెలుతురును మింగేస్తుంది. ముందు సున్నం వేయించండి, తరువాత దీపాలు కొనండి.

డయలక్స్ అనే జర్మనీ ప్రోగ్రాము వెలుతురు లెక్కకు ఉచితంగా దొరుకుతుంది. ఇంజనీరింగు చదివే మన పిల్లలు దానితో ఒక్కొక్క అమరికా మార్చి చూడగలరు. వారికి మీరు ఇవ్వవలసింది ఒక్క కాగితం: గది పొడవు, వెడల్పు, ఎత్తు, గోడల రంగు, కిటికీలు, బల్ల ఉన్న చోటు, టెస్టరు ఏ వైపు ముఖం పెట్టి నిలబడతాడో. ఈ చివరిది మరచిపోవద్దు.