మన ఇంటి చెత్త ఎటు పోతుంది?

(బొల్లారం బస్తీలో, కొత్తగా చదువు నేర్చుకున్న వారి ముందు చేసిన ప్రసంగం)



ఈ రోజు మనం చెత్త గురించి మాట్లాడుకుందాం. చెత్త మాటలు కాదు, నిజంగా చెత్త గురించే!

"దాని గురించి చెప్పేదేముంది? పొద్దున్నే ఊడుస్తం, ఎత్తి పారేస్తం. అంతే కదా!" అని మీరు అనవచ్చు. నేను ఒక్క ప్రశ్న అడుగుతాను. పారేసింది ఎక్కడికి పోతుంది?

మన ఇంటి నుంచి మురికి రెండు దారుల్లో బయటికి పోతుంది. చాటలోకి ఎత్తినది బుట్ట దారిన పోతుంది. నీళ్లతో కడిగినది మోరీ దారిన పోతుంది. ఈ రెండు దారుల వెంట మనం కూడా నడుద్దాం. ఆ చివర ఎవరున్నారో చూద్దాం.

బుట్ట దారి

ముందు ఒక లెక్క వేద్దాం. పట్నంలో ఒక మనిషి వల్ల రోజుకు సుమారు అర కిలో చెత్త వస్తుంది. ఇంట్లో అయిదుగురు ఉంటే రెండున్నర కిలోలు. గల్లీలో 100 ఇళ్లు ఉంటే రోజుకు 250 కిలోలు. మరి ఏడాదికి ఎంత? 250ని 365తో హెచ్చవేయండి. పలక మీద వేసి చూడండి. 91,250 కిలోలు! అంటే 91 టన్నులు దాటింది. ఇది ఒక్క గల్లీ చెత్త. రిసాల బజార్, సదర్ బజార్, లోతుకుంట, అల్వాల్ అన్నీ కలిపితే ఎంతవుతుందో మీరే ఆలోచించండి.

ఇంత చెత్తా ఎటు పోయింది? మన బొల్లారానికి తూర్పు వైపున జవహర్‌నగర్ ఉంది. ఎంతో దూరం లేదు. అక్కడ 300 ఎకరాలకు పైగా చెత్త వేసే స్థలం ఉంది. 2000 తర్వాతి ఏళ్లలో జంట నగరాల చెత్త చాలావరకు అక్కడికే చేరింది. ఏటేటా పెరిగింది. గుట్ట అయింది.

తడి చెత్త కుళ్లితే నల్లని రసం కారుతుంది. వాన పడితే ఆ రసం పల్లానికి పారుతుంది. అట్లా పారి పారి పక్కనున్న మల్కారం చెరువు నీళ్లు నల్లబడ్డాయి. చుట్టుపక్కల బస్తీల వాళ్లు వాసన గురించి, ఈగల గురించి, పాడైన బోరు నీళ్ల గురించి ఏళ్ల తరబడి మొర పెట్టుకున్నారు. వాళ్లు కూడా మనలాంటి వాళ్లే. కూలినాలి చేసుకునేవాళ్లు, పిల్లలు గలవాళ్లు. మన గడప ముందు నుంచి పోయిన చెత్త వాళ్ల గడప ముందు పడింది. అంతే తేడా.

తర్వాత పాత గుట్టను కప్పే పని జరిగింది. 2020లో అక్కడ చెత్తను మండించి కరెంటు తీసే కర్మాగారం పెట్టారు. మొదట్లో దాని శక్తి 19.8 మెగావాట్లు. "ఇంకేం, బాధ తీరింది కదా!" అనుకోకండి. తడిసిన కట్టె పొయ్యిలో మండుతుందా? పొగ వస్తుంది గాని మంట రాదు. తడి చెత్త కూడా అంతే. అన్నం, తొక్కలు, కాగితాలు అన్నీ కలిసిపోతే మండడానికీ పనికిరాదు, ఎరువుకూ పనికిరాదు.

కాబట్టి అసలు కీలకం మన వంటింట్లోనే ఉంది. అదే వేరు చేయడం.

మూడు చోట్ల పెట్టండి

మన పెద్దల కాలంలో చెత్త లేదా? ఉంది. కాని అది చెత్తగా మిగిలేది కాదు. తొక్కలు, కడుగు నీళ్లు కుడితి గోళెంలో పడి బర్రె కడుపులోకి పోయేవి. పేడ, చెత్త పెంటకుప్పలో మాగి ఎరువై పొలానికి పోయేవి. చినిగిన చీరలు బొంతలయ్యేవి. పగిలిన కుండ మట్టిలో కలిసేది. ఇప్పుడు ప్లాస్టిక్ వచ్చింది. అది మట్టిలో కలవదు, ఆవు తింటే అరగదు. అన్నం మెతుకుల కోసం ఆవు క్యారీ బ్యాగు మింగుతుంది. అది కడుపులో ఉండ కట్టి ప్రాణం తీస్తుంది.

2016లో కేంద్ర ప్రభుత్వం చెత్త గురించి నియమాలు చేసింది. ప్రతి ఇంటివారూ తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదమైన చెత్త వేరుగా ఇవ్వాలని చెప్పింది. చెత్తను తగలబెట్టకూడదనీ, మోరీలో పడేయకూడదనీ చెప్పింది.

తడి చెత్త అంటే ఏమిటి? కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, చాయ్ పొడి, పూలు, ఆకులు. దీన్ని ఇంటి దగ్గరే ఎరువు చేయవచ్చు. ఒక పాత గోళెం గాని, పెద్ద కుండ గాని తీసుకోండి. అడుగున, పక్కన చిన్న చిన్న రంధ్రాలు చేయండి. కింద ఎండుటాకులు పరవండి. రోజూ తొక్కలు వేయండి. వేసినప్పుడల్లా పైన గుప్పెడు ఎండుటాకులు గాని, మట్టి గాని చల్లండి. వారానికి ఒకటి రెండుసార్లు కట్టెతో కలియబెట్టండి. వాసన వస్తే తడి ఎక్కువైందన్నమాట. ఇంకొన్ని ఎండుటాకులు వేయండి. రెండు మూడు నెలల్లో నల్లని ఎరువు తయారవుతుంది. తులసి కోటలో వేయండి, మల్లె చెట్టుకు వేయండి. మాంసం ముక్కలు, ఎముకలు, నూనె మాత్రం అందులో వేయకండి. ఎలుకలు, పురుగులు వస్తాయి.

పొడి చెత్త అంటే కాగితాలు, అట్టలు, సీసాలు, రేకు డబ్బాలు, ప్లాస్టిక్. దీన్ని ఒక గోనె సంచిలో వేయండి. నెలకొకసారి కబాడీ అతను గల్లీలోకి వస్తాడు కదా, అతనికి అమ్మండి. పాల ప్యాకెట్లు కడిగి ఆరబెట్టి ఇస్తే తీసుకుంటారు. ప్యాకెట్ మూల కత్తిరించేటప్పుడు ముక్క ఊడిపోకుండా కొంచెం అంటి ఉండనివ్వండి. చిన్న ముక్కలను ఎవరూ ఏరలేరు. అవే మోరీలో చేరతాయి. మన సంచిలోని కాగితం మళ్లీ అట్ట అవుతుంది. రేకు మళ్లీ డబ్బా అవుతుంది. మనకు నాలుగు రూపాయలు వస్తాయి. కబాడీ అతనికి బతుకు తెరువు.

మూడోది ప్రమాదమైన చెత్త. పగిలిన గాజు, బ్లేడ్లు, సూదులు, బ్యాటరీ సెల్లులు, పాత మందులు. వీటిని వేరే డబ్బాలో పెట్టండి. చెత్త బండి మీద పనిచేసే తమ్ముడు చేతులతోనే ఏరుతాడు. మన బ్లేడు అతని చెయ్యి కోస్తుంది. ఆడవాళ్లు నెలసరిలో వాడిన గుడ్డలు, ప్యాడ్లు కాగితంలో చుట్టి, గుర్తు పెట్టి విడిగా ఇవ్వాలి. ఇందులో సిగ్గుపడేది ఏమీ లేదు.

"మేం వేరు చేసి ఇస్తం. బండిలో అన్నీ ఒక్కచోటే కలిపేస్తరు. ఇంక మేం చేసి ఏం లాభం?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి రెండు జవాబులు. ఒకటి, తొక్కలు మీ గోళెంలోకి, కాగితాలు కబాడీకి పోతే బండికి ఇచ్చేది గుప్పెడే. కలపడానికి ఏమీ మిగలదు. రెండోది, బండిలో కలుపుతుంటే అడిగే హక్కు మనకుంది. ఎట్లా అడగాలో కొంచెం ఆగి చెబుతాను.

ఇది జరిగే పనేనా అంటారా? మన సూర్యాపేటలో జరిగింది. 2000 తర్వాతి తొలి ఏళ్లలో అక్కడి మున్సిపాలిటీ వీధి కుండీలను తీసేసింది. ఇంటింటికీ బండి పంపింది. తడి, పొడి వేరుగా తీసుకుంది. తడి చెత్తతో వానపాముల ఎరువు చేసింది. పొడి చెత్తను అమ్మింది. వేరే ఊళ్ల వాళ్లు వచ్చి చూసి పోయారు.

మోరీ దారి

ఇప్పుడు రెండో దారి చూద్దాం. కొన్ని ఇళ్లకు భూమి లోపల డ్రైనేజీ పైపులున్నాయి. కొన్ని ఇళ్లకు సెప్టిక్ ట్యాంకు ఉంది. గల్లీ పక్కన మోరీ వాన నీళ్ల కోసం. ఏ దారిన పోయినా, శుద్ధి చేయని మురుగు చివరికి నాలాల్లో కలుస్తుంది. నాలాలు చెరువుల్లోకి, మూసీలోకి పోతాయి. మూసీ పోయి నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ మధ్యలో ఎన్నో ఊళ్లు మూసీ నీళ్లతో పంట పండిస్తాయి. ఆ ఆకుకూర మళ్లీ మన పట్నానికే వస్తుంది. చూశారా, ఏదీ ఎక్కడికీ పోదు!

డ్రైనేజీ పైపు నీళ్లు పోవడానికి. చెత్త పోవడానికి కాదు. మిగిలిన అన్నం, వాడిన నూనె, గుడ్డపేలికలు, ప్యాడ్లు, ప్లాస్టిక్ కవర్లు అందులో పడితే ఏమైతది? నూనె చల్లారి గడ్డ కడుతుంది. దానికి గుడ్డ చుట్టుకుంటుంది. గుడ్డకు కవర్ తగులుకుంటుంది. పైపు మూసుకుపోతుంది. పెద్ద వాన పడిన రోజు ఆ మురికి మన ఇంట్లోకే తిరిగి వస్తుంది.

అప్పుడు ఎవరినో పిలుస్తాం. "కొంచెం లోపలికి దిగి తియ్యి తమ్ముడూ, డబ్బులిస్తం" అంటాం. అక్కలారా, ఈ ఒక్క మాట మాత్రం ఎప్పుడూ అనకండి.

ఎందుకో చెబుతాను. మూసిన మ్యాన్‌హోల్‌లో, సెప్టిక్ ట్యాంకులో విష వాయువులు నిండి ఉంటాయి. ఒక వాయువు కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. అది ఎక్కువైతే ముక్కుకు వాసన కూడా తెలియదు. మనిషి అక్కడికక్కడే కూలిపోతాడు. అతన్ని కాపాడబోయి ఇంకొకరు దిగుతారు. వాళ్లూ పోతారు. ఇట్లా మన దేశంలో ఎందరో తల్లులు కొడుకులను పోగొట్టుకున్నారు.

బెజవాడ విల్సన్ గారి పేరు మీరు వినే ఉంటారు. కర్ణాటకలోని కోలారు బంగారు గనుల ఊళ్లో, తెలుగు కుటుంబంలో పుట్టారు. వాళ్ల ఇంటివాళ్లు చేతులతో మలం ఎత్తే పని చేసేవారు. ఆ పని ఏ మనిషీ చేయకూడదని ఆయన పట్టు పట్టారు. 1990లలో సఫాయి కర్మచారి ఆందోళన్ మొదలైంది. మన రాష్ట్రంలో పేదల అధికారిగా పేరు పొందిన ఎస్.ఆర్. శంకరన్ గారు వారికి అండగా నిలిచారు. 2016లో విల్సన్ గారికి రామన్ మెగసెసె అవార్డు వచ్చింది.

చట్టం ఏమంటుంది? 1993లో ఒక చట్టం వచ్చింది. 2013లో ఇంకా గట్టి చట్టం వచ్చింది. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మ్యాన్‌హోల్‌లోకి గాని, సెప్టిక్ ట్యాంకులోకి గాని దింపడం నేరం. దింపిన వారికి మొదటిసారి రెండేళ్ల వరకు జైలు గాని, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. కంట్రాక్టరే కాదు, ఇంటి యజమాని దింపినా నేరమే. ఇట్లా చనిపోయిన వారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలు చేసింది. అయితే ఎన్ని లక్షలిచ్చినా మనిషి తిరిగి రాడు కదా!

మరి పైపు మూసుకుపోతే ఏం చేయాలి? యంత్రాన్ని పిలవాలి. 2017లో హైదరాబాద్ జలమండలి ఇరుకు గల్లీల్లోకి పోయే చిన్న జెట్టింగ్ యంత్రాలు తెచ్చింది. జలమండలి ఫిర్యాదు నంబరు 155313. ఇంటి గోడ మీద రాసి పెట్టుకోండి. సెప్టిక్ ట్యాంకు ఉన్నవాళ్లు నిండేదాకా ఆగవద్దు. మూడేళ్లకొకసారి బండిని పిలిచి తీయించండి.

దోమ కథ

మన సికింద్రాబాద్‌కు ప్రపంచమంతా తెలిసిన ఒక పేరుంది. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రోనాల్డ్ రాస్ అనే డాక్టరు, దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టారు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పరీక్ష కోసం హుస్సేన్ ఖాన్ అనే రోగి దోమలతో కుట్టించుకున్నాడు. ఒక్కో దోమకు అణా చొప్పున తీసుకున్నాడు. ఇప్పుడు మనం ఊరికే కుట్టించుకుంటున్నాం!

ఆగిన మోరీలో ఒక రకం దోమ పుడుతుంది. దానివల్ల బోదకాలు వస్తుంది. డెంగీ దోమ వేరు. అది మంచి నీళ్లలో పుడుతుంది. కొబ్బరి చిప్ప, పాత టైరు, ప్లాస్టిక్ గ్లాసు, వీటిలో నిలిచిన వాన నీళ్లు దానికి చాలు. అంటే మనం పారేసిన పొడి చెత్తే దోమకు ఉయ్యాల. వారానికి ఒక రోజు ఇంటి చుట్టూ తిరిగి నీళ్లు ఒంపేయండి.

అడగడం నేర్చుకుందాం

మన బాధ్యత మనం చేద్దాం. ఆఫీసు బాధ్యత ఆఫీసును అడుగుదాం. బొల్లారంలో ఒక చిక్కుంది. కొంత కంటోన్మెంట్, కొంత కార్పొరేషన్. ఈ గల్లీ ఒకరిది, ఆ గల్లీ ఇంకొకరిది. "మాది కాదు, వాళ్లది" అని తిప్పి పంపుతారు. దీనికి ఒక ఉపాయం ఉంది. మీ ఇంటి పన్ను రసీదు తీయండి. దాని మీద ఏ ఆఫీసు పేరుందో చదవండి. పన్ను తీసుకున్నవాళ్లే జవాబు చెప్పాలి. కిరాయికి ఉంటే ఇంటివాళ్లను అడిగి చూడండి.

తర్వాత అర్జీ రాయండి. ఇట్లా రాయవచ్చు.

"అధికారి గారికి, బొల్లారంలోని మా గల్లీవాసులు రాసుకున్న అర్జీ. అయ్యా, మా గల్లీలో మోరీ నిండి పది రోజులైంది. మురుగు ఇళ్లలోకి వస్తున్నది. పిల్లలకు జ్వరాలు వస్తున్నాయి. మేము తడి చెత్త, పొడి చెత్త వేరుగా ఇస్తున్నాము. బండిలో కూడా వేరుగా తీసుకోవాలి. మోరీని మనుషులతో కాకుండా యంత్రంతో శుభ్రం చేయించాలని కోరుతున్నాము."

కింద తేదీ వేయండి. ఇంటికొకరు సంతకం చేయండి. వేలిముద్ర కాదు, సంతకం! రెండు ప్రతులు రాయండి. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండో దాని మీద ముద్ర వేయించుకోండి. ఆ కాగితం జాగ్రత్తగా దాచండి. మళ్లీ వెళ్లినప్పుడు అదే మీ బలం.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రి బడిలో చదువు నేర్చుకున్నారు. పుస్తకంలో సారా గురించిన పాఠం చదివారు. "ఇది మన కథే కదా!" అనుకున్నారు. కలిసి లేచారు. ఆ కదలిక జిల్లాలు దాటింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అయింది. చదువుకున్న నాలుగు అక్షరాలు అంత పని చేశాయి.

మన ముందున్నది అంత పెద్ద పని కాదు. ఇంట్లో ఒక గోళెం, ఒక గోనె సంచి, ఒక డబ్బా. గల్లీకి ఒక అర్జీ. రేపు పొద్దున చాట ఎత్తినప్పుడు జవహర్‌నగర్ అక్కను తలచుకోండి. గిన్నె కడిగినప్పుడు మ్యాన్‌హోల్ దగ్గర నిలబడిన తమ్ముణ్ని తలచుకోండి. అప్పుడు ఏది ఎక్కడ వేయాలో మీ చేతికే తెలుస్తుంది.