ఆత్మయు, అంత్యక్రియయు



ఆత్మ యన నేమని యడిగినచో పండితులు గ్రంథములు తెఱతురు. నేను నేఁడు శ్మశానమువైపు చూచి యీ ప్రశ్నను విచారింపఁదలఁచితిని. ఏలయన, ఒక జాతి తన మృతులను సాగనంపు తీరులో ఆత్మనుగూర్చి దానికిఁ గల విశ్వాసము తేటపడును.

ప్రాచీన ఐగుప్తుదేశీయులు జీవుఁడు పక్షివలె వెడలి మరల దేహమును చేరునని నమ్మిరి. అందుచే ఇంచుమించు 70 దినములు శ్రమపడి శవమును చెడకుండ భద్రపఱచుచుండిరి. మెదడును తీసివైచియు హృదయమును మాత్రము దేహమందే యుంచిరి. పరలోక న్యాయసభలో త్రాసున ఒకవైపు హృదయమును, వేఱొకవైపు సత్యదేవత యీకను ఉంచి తూఁతురని వారి నమ్మకము.

మనలో దహనము చేయువారికి దేహము విడిచిన వస్త్రమువంటిది. అయినను కార్య మంతటితో ముగియదు. పదిదినములు పెట్టు పిండములచే జీవునకు క్రొత్త దేహము అవయవక్రమమున నేర్పడునని గరుడపురాణము చెప్పును. వీరశైవులు దహింపరు. లింగైక్యము నొందినవానికి ప్రేతత్వము లేదని, ఇష్టలింగముతోఁ గూర్చుండఁబెట్టి సమాధి చేయుదురు.

పారసీకుల మతమున ఆత్మ మూఁడురాత్రులు దేహసమీపమున నుండి, నాల్గవనాఁటి వేకువను తీర్పువంతెనను చేరును. క్రైస్తవులకు మరణ మొక నిద్ర. శ్మశానమునకు వారు గ్రీకుభాషలోఁ బెట్టిన పేరునకు నిద్రించు చోటని యర్థము. అంత్యదినమున దేహమును లేచునని నమ్ముటచే దానిని భూమికి అప్పగింతురు. మహమ్మదీయులు మృతుని ముఖమును మక్కావైపు త్రిప్పి ఖననము చేయుదురు. సమాధిలో దేవదూతలు ప్రశ్నింతురనియు, ప్రళయదినమున అందఱును లేచి లెక్క యొప్పగింపవలెననియు వారి విశ్వాసము.

బౌద్ధుల మార్గము వేఱు. శాశ్వతమైన ఆత్మయే లేదని వారి సిద్ధాంతము. ఒక దీపమునుండి వేఱొక దీపము వెలిగినట్లు, దాఁటిపోవు వస్తువు లేకయే జన్మము కొనసాగునందురు. అట్లయిన పాపఫల మెవ్వఁ డనుభవించును? క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దమునాఁటి మిళిందరాజు నాగసేనభిక్షువు నిదియే యడిగెనని మిళిందపన్హ మను గ్రంథము చెప్పుచున్నది. భిక్షువు మామిడిపండ్ల దొంగ నుదాహరించెను. “యజమాని నాటిన టెంక వేఱు, నేను కోసిన పండు వేఱు” అని వాదించినంతమాత్రాన దొంగకు శిక్ష తప్పునా? తప్పదు. టెంకనుండియే గదా పండు వచ్చినది!

ఈ మతము లన్నియు నొకటే యని పలుకుట సులభము. కాని యది నిజము కాదు. ఒకరికి మరల జన్మము కలదు, ఒకరికి లేదు. ఒకరికి దేహము విడిచిన వస్త్రము, ఒకరికి మరల లేవవలసిన బీజము. అయినను చేసినదానికి లెక్క కలదను మాటయం దందఱును ఏకీభవించిరి.

పెద్దలైన మీరు పరామర్శకు పోవుదురు గదా! బిడ్డను ఖననము చేసి వచ్చిన తురకసోదరునితో, మరల మంచి జన్మ మెత్తునని పలికిన నది యోదార్పు కాదు. దహనము చేసినవానితో, కాల్చుటకు మనసెట్లు వచ్చెనని యనుట పుండుపై కారము చల్లుటయే. ఎదుటివాఁడు తనవారి ఆత్మ యెచ్చట నున్నదని నమ్ముచున్నాఁడో యెఱిఁగి పలికిన మాటయే అతని హృదయమును చేరును. వేఱు మతములను తెలిసికొనుటవలన మనకు కలుగు మొదటి ప్రయోజన మిదియే యని నా యభిప్రాయము.