గాలి షాకులలో చమురు మార్పు

(హోసూరు ప్రాంతపు తెలుగు మెకానిక్కుల ఆదివారపు సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ద్విచక్ర వాహనములు తయారుచేయు ఊరు మనది. మన యిండ్లనుండి ఆ పనికి పోవు బిడ్డలు పెక్కురు కలరు. ఇంట తెలుగు, వీధిలో తమిళము, సరిహద్దు దాటిన కన్నడము, పనిపుస్తకములో ఇంగ్లీషు. ఈ నాలుగింటి నడుమ చేయి పని నేర్చియు, దాని కారణము తెలియనివారు కొందరున్నారు. మేమును ఒకప్పుడు అట్టివారమే. అందుచేత నేడు ఒక చిన్న పనిని తీసికొని, కారణముతో సహా తెలుగున చెప్పదలచితిమి.

మోటారు సైకిలు వెనుక షాకులో రెండు పనులు జరుగును. బరువు మోయుట స్ప్రింగు పని. ఊపు నణచుట చమురు పని. చక్రము గుంతలో పడి లేచినపుడు లోపలి పిస్టను చమురును సన్నని రంధ్రముల గుండ నెట్టును. ఆ రాపిడిలో ఊపు వేడిగా మారి బయటికి పోవును. గాలి షాకులలో స్ప్రింగునకు తోడుగా గాలికూడ బరువు మోయును. 1980 లో హోండా వారు తెచ్చిన గోల్డ్‌వింగ్ జి.ఎల్. 1100 బండికి ఇట్టి ఏర్పాటే కలదు. హార్లీ డేవిడ్‌సన్ వారి పాత దూరప్రయాణపు బండ్లలోను దీనిని చూడవచ్చును. ఒంటరిగా పోవునపుడు గాలి తగ్గించి, వెనుక మనిషియు సామానును ఉన్నపుడు పెంచుకొనుట ఇందలి సౌకర్యము.

మేము పని నేర్చుకొను దినములలో అట్టి పాత బండి యొకటి మా కొట్టునకు వచ్చెను. షాకులలోని చమురును తీసి, ‘కొంచెము ఎక్కువైన మేలేగదా’ యని కంటి అంచనాతో క్రొత్త చమురు నింపితిమి. మూడవ దినమున యజమాని భార్యతో కృష్ణగిరి వైపు పోవుచుండగా కుడివైపు సీలు తెగి, చమురు టైరుపైకి కారెను. వేగము తక్కువగుటచేత ఇరువురును క్షేమముగా దిగిరి. ఆ తప్పు బండిది కాదు, మాది.

ఎందుకట్లు జరిగెను? షాకులోని గది యొక్కటే. చమురును గాలియు దానిని పంచుకొనును. చమురు నొక్కినను కుదించుకొనదు, గాలి కుదించుకొనును. గాలికి 100 మిల్లీలీటర్ల చోటున్నదనుకొందము. గుంతలో పడినపుడు అది 50 కి తగ్గిన, లోపలి ఒత్తిడి రెండింతలగును. 1662 లో రాబర్టు బాయిలు ప్రకటించిన నియమ మిదియే. ఇపుడు చమురు 20 మిల్లీలీటర్లు ఎక్కువ పోసితిమనుడు. గాలి చోటు 80 అగును. అదే గుంతలో అది 30 కి తగ్గును. ఒత్తిడి సుమారు 2.7 రెట్లగును. ఆ భారము సీలుపై పడును. తక్కువ పోసినను కీడే. పిస్టను గాలిని చమురుతో కలిపి చిలుకును. ఆ నురుగు ఊపు నాపజాలదు.

ఇక పని క్రమము. మొదట బండిని గట్టిగా నిలిపి, వెనుక చక్రము క్రింద ఆధార ముంచవలెను. పానా పట్టుటకు ముందే గాలి తీయవలెను. వాల్వుపై గుడ్డ కప్పి మెల్లగా వదలవలెను. చమురు తుంపరలు చిమ్మును గనుక కంటికి అద్దములు తప్పవు. షాకులను ఒక్కొక్కటిగా విప్పిన, రెండవది బండిని పట్టియుండును. విప్పినదానిని తలక్రిందులు చేసి, మెల్లగా ఆడించుచు, చమురును గీతల జాడీలోనికి దింపవలెను. రెండు ప్రక్కల చమురును వేర్వేరుగా కొలిచి వ్రాసికొనవలెను. ఒక ప్రక్క తక్కువ వచ్చిన, అచ్చటి సీలును అనుమానింపవలెను. రాడ్డుపై గీతలో తుప్పు మచ్చలో ఉన్నచో చమురు మార్చి ఫలము లేదు. అవి క్రొత్త సీలును సైతము కోసివేయును.

వచ్చినంత పోయుట కాదు, ఆ బండి పుస్తకమున చెప్పినంత పోయవలెను. చిక్కదనమును అందు చెప్పినదే కావలెను. రెండు కంపెనీల డబ్బాలపై ఒకే నంబరున్నను చిక్కదనము ఒకటి కాకపోవచ్చును గనుక, రెండు ప్రక్కలకు ఒకే డబ్బా వాడవలెను. పోసిన పిదప నిలువుగా పట్టి పలుమార్లు ఆడించిన బుడగలు పైకి వచ్చును.

బిగించిన తరువాత గాలిని చేతి పంపుతోనే కొట్టవలెను. గాలి గది చిన్నది; టైర్ల కంప్రెసరు రెప్పపాటులో హద్దు మీరును. గేజి తగిలించినపుడు కొంత గాలి దానిలోనికే పోవునని మరువరాదు. మరునాడు ఒత్తిడిని, సీలును మరల చూచి గాని బండి నీయరాదు. పాత చమురును మురుగు కాలువలో పోయక, డబ్బాలో పట్టి, వాడిన చమురు సేకరించువారికి ఇయ్యవలెను.

ఒక హెచ్చరిక. మన వీధులలోని బండ్లకు ఉండు ‘గ్యాసు షాకులు’ వేరు. వాటిలో నత్రజనిని మిక్కిలి ఒత్తిడితో నింపి మూసియుందురు. తెలియక విప్పబోయిన లోపలి భాగము గుండువలె ఎగిరి ప్రాణము తీయగలదు. తగిన పరికరములు లేనివారు వాటి జోలికి పోరాదు. యజమాని తొందరపెట్టినను ‘మావల్ల కాదు’ అని చెప్పవలెను. అట్లు చెప్పుట చిన్నతనము కాదు.

ఆనాటినుండి మా కొట్టులో గీతల జాడీయు, ఒక నోటుపుస్తకమును ఉన్నవి. ఏ బండికి ఏ ప్రక్క ఎంత వచ్చెను, ఎంత పోసితిమి, ఎవరు బిగించిరి అను వివరములు అందు తెలుగుననే వ్రాయుచున్నాము. చూడగోరు పిల్లలు ఎపుడైనను రావచ్చును.