తోకచుక్క మీద దావా



2005 జూలై 4న అమెరికా వారి 'డీప్ ఇంపాక్ట్' నౌక వదిలిన 370 కిలోల దిమ్మ టెంపుల్-1 అనే తోకచుక్కను ఢీకొన్నది. లోపల ఏముందో చూద్దామని కొట్టారు.

ఆ దిమ్మతోపాటు సుమారు 6,25,000 మంది తమ పేర్లు డిస్కులో ఎక్కించి పంపారు, కాలి ఆవిరైపోతుందని తెలిసీ! మనవాళ్లు గుడి మెట్ల మీద పేర్లు చెక్కించుకోరూ, అలాగే. మాస్కోలో ఒక జ్యోతిష్కురాలు మాత్రం విశ్వం సమతుల్యం చెడుతుందని, తన జాతకం దెబ్బతింటుందని నాసాపై 30 కోట్ల డాలర్లకు దావా వేశారు. కోర్టు కొట్టివేసింది.

డబ్బు సంగతి నవ్వులాటే. సుమారు 6 కిలోమీటర్ల తోకచుక్కకు ఆ దెబ్బ విమానానికి దోమ తగిలినట్టేనని శాస్త్రజ్ఞులు లెక్కగట్టి ముందే చెప్పారు. కాని ఆకాశంలో ఉన్నదాన్ని ఎవరిని అడిగి కొట్టారన్న ప్రశ్న ఉంది చూశారూ, దాన్ని నవ్వి తీసిపారేయలేం. 2022 సెప్టెంబరు 26న అదే నాసా డైమోర్ఫస్ అనే చిన్న గ్రహశకలాన్ని దారి మార్చడానికే కొట్టింది. భూమికి ముప్పు వచ్చే రోజుకు అభ్యాసమన్నారు. మంచి పనే. పెద్ద శకలం చుట్టూ అది తిరిగే కాలం అరగంటకు పైగా తగ్గిపోయింది. ఈసారి దోమ కాదు.