నచ్చిన చిత్రం, మెచ్చిన చిత్రం

చలనచిత్ర రసాస్వాదనను పాఠంగా బోధించే తరగతులలో ఒక అభ్యాసం ఉన్నది. కొన్ని వారాలపాటు చిత్రాలు చూపి, వాటిపై చర్చ జరిపిన పిమ్మట, చూచినవాటిని మీ మీ అభిరుచి ననుసరించి వరుసగా పేర్చండని విద్యార్థులను అడుగుతారు. పైకి ఇది పిల్లల ఆటవలె కనుపిస్తుంది. కలం పట్టి కూర్చున్న తరువాతనే, మొదటి పీట ఎవరికి వేయవలెనో తేల్చుకొనుట ఎంత కష్టమో బోధపడుతుంది.

సినిమాను పాఠ్యవస్తువుగా చూచుట మన దేశంలో బాగా పాతదేమీ కాదు. 1960లో పుణెలో ప్రభుత్వం చలనచిత్ర శిక్షణాలయాన్ని నెలకొల్పినది. 1964లో జాతీయ చలనచిత్ర భాండాగారం ఏర్పడినది. ఆ శిక్షణాలయంలో సతీష్ బహదూర్‌గారు సత్యజిత్ రాయ్ తీసిన 'పథేర్ పాంచాలి'ని దృశ్యం దృశ్యంగా విడదీసి పాఠం చెప్పేవారు. ఒక కావ్యాన్ని పండితుడు పద్యం పద్యంగా వ్యాఖ్యానించినట్లే ఇదీను.

పెద్దలు వేసిన వరుసలు లేకపోలేదు. లండనులోని 'సైట్ అండ్ సౌండ్' పత్రిక పదేండ్లకొకసారి విమర్శకుల అభిప్రాయాలు సేకరిస్తుంది. 1952లో ఇటలీ చిత్రం 'బైసికిల్ థీవ్స్' ప్రథమస్థానం పొందినది. 1962 నుండి 'సిటిజన్ కేన్' ఆ స్థానంలో నిలిచినది. 2012లో 'వెర్టిగో' దానిని తప్పించినది. 2022లో షాంటాల్ అకర్‌మాన్ అనే మహిళ 1975లో తీసిన 'జాన్ డీల్మన్' అగ్రస్థానానికి వచ్చినది. చిత్రాలు మారలేదు, చూచే కన్నులు మారినవి. కాబట్టి పెద్దల వరుస కళింగపట్నంలోని దీపస్తంభం వంటిది. అది దిక్కు చూపుతుంది గాని మన పడవను తాను నడపదు.

ఈ చిక్కు తీర్చుకొనుటకు తెలుగులోనే చక్కని సాధనం ఉన్నది. మనకు 'నచ్చుట' వేరు, 'మెచ్చుట' వేరు. నచ్చుట మనసు పని. మెచ్చుట బుద్ధి పని. మెచ్చినదానికి కారణాలు చెప్పగలం. నచ్చినదానికి కారణం వెదుకుకొనవలెను. అందుచేత ఒక్క పట్టిక కాక రెండు పట్టికలు వ్రాయుట మేలు.

ఉదాహరణకు నాలుగు చిత్రాలను తీసుకొందాము: 1938 నాటి 'మాలపిల్ల', 1951 నాటి 'మల్లీశ్వరి', 1955 నాటి 'కన్యాశుల్కం', 1957 నాటి 'మాయాబజార్'.

మెచ్చుకోలులో నా వరకు 'మాయాబజార్' మొదటిది. భారత సంబంధమైన కథలో పాండవులను ఒక్కసారియైనా తెరపైకి తేకుండ, ఆ లోటు తెలియనీయకుండ కథ నడపుట కె. వి. రెడ్డిగారి నేర్పు. మార్కస్ బార్ట్‌లీ దీపాల అమరికతో సృష్టించిన వెన్నెలను చూచి నిజమైన వెన్నెల సిగ్గుపడవలసినదే. తరువాత వరుసగా 'మల్లీశ్వరి', 'కన్యాశుల్కం', 'మాలపిల్ల' నిలుస్తవి.

నచ్చినవాటి పట్టికలో క్రమం తారుమారవుతుంది. అక్కడ 'మల్లీశ్వరి' మొదటిది. బి. ఎన్. రెడ్డిగారి నిదానం, దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి మాట, సాలూరు ప్రాంతపు శివరామపురంలో పుట్టిన రాజేశ్వరరావుగారి బాణీ ఒకదానిలో ఒకటి కలిసిపోయినవి. రెండవది 'మాలపిల్ల'. సాంకేతికంగా అది నేటి కంటికి మోటుగా తోచవచ్చు. కాని గూడవల్లి రామబ్రహ్మంగారి ఆ చిత్రానికి మాటలు వ్రాసిన తాపీ ధర్మారావుగారు పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిగారి శిష్యులు. గిడుగువారు 1863లో జన్మించిన పర్వతాలపేట వంశధార ఒడ్డుననే ఉన్నది. వాడుకభాష కోసం ఈ నదీతీరంలో పుట్టిన మనిషి చేసిన పోరాటం తెరపై మాటగా వినబడినప్పుడు, వంశధార సముద్రంలో కలిసే ఈ ఊరివారికి అది పరాయి చిత్రం కానేరదు. మూడవది 'మాయాబజార్'. 'కన్యాశుల్కం' చివరిది. 1892లో విజయనగరంలో ప్రదర్శింపబడిన ఆ నాటకాన్ని పదే పదే చదివినవాని చెవిలో ఒక గిరీశం ముందే స్థిరపడి ఉంటాడు. తెరమీది గిరీశం ఎంత చక్కగా మాటాడినా అతనితో పోటీపడలేడు. ఇది చిత్రానికి లోపం కాదు, ప్రేక్షకుని పక్షపాతం. రెండు పట్టికలు ఉన్నందువల్లనే ఈ సంగతి బయటపడినది.

ఇంత పట్టింపు ఎందుకని శ్రోతలు అడుగవచ్చు. మన ఉత్తరాంధ్రుల పలుకుబడిని సినిమాలు చాలకాలం నవ్వు పుట్టించే పాత్రలకే అంటగట్టినవి. 2020లో వచ్చిన 'పలాస 1978' దానిని కథానాయకుని నోట పలికించినది. మన మాటను వెక్కిరించిన చిత్రాన్ని సైతం, పదిమంది గొప్పదన్నారని మన పిల్లవాడు మొదట వ్రాస్తే, పోగొట్టుకొనేది మార్కులు కావు, తన చెవిని. అట్లని మనవారిది కాబట్టి మెచ్చితీరవలెననుటయు న్యాయం కాదు. అందులో కొరతలుంటే అవి మెచ్చుకోలు పట్టికలో కనుపించవలసినదే.

మీ ఇంట భోజనాలైన పిమ్మట ఈ అభ్యాసం చేసి చూడండి. అందరూ చూచిన అయిదు చిత్రాలు చాలును. ఒకరి కాగితం ఒకరు చూడకుండ వ్రాసి, తరువాత కలిసి చదువుకొనండి. తాతగారి మొదటిది మనుమరాలి చివరిది కావచ్చును. అప్పుడు ఎవరిది సరియైనదని తీర్పు చెప్పక, ఎందుకు నచ్చినదని అడగండి. ఒకే ఇంట ఇన్నేండ్లు కలిసి ఉన్నవారి మనసులోని మాట ఒకటి అప్పుడు క్రొత్తగా వినబడవచ్చును.